వాన్ రువా పడవ ఎవరికి చెందాలంటే

కనెమారా తీరంలోని కరిగ్ దూవ్ రేవులో పుట్టి, అక్కడే పెరిగి, అక్కడే ముసలిదాన్నయి, అక్కడే పోవాలని నిశ్చయించుకున్న నేను, అనగా కీర్తిశేషులు కోలమ్ ఓ లోయ్‌జాన్ గారి కూతురు బైబీన్‌ను, వయసు ఎనభై ఒకటి, అవివాహితను, చేపల ఫ్యాక్టరీలో పని చేసి విరమించినదాన్ని, నా వంటింటి బల్ల దగ్గర నా సొంత కళ్లజోడు పెట్టుకుని, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో ఈ వీలునామా రాస్తున్నాను. నా మనసు స్థిరంగా ఉందని డాక్టరు గారు కాగితం ఇచ్చారు. ఆయన మనసు స్థిరంగా ఉందని ఎవరూ కాగితం ఇవ్వలేదు గానీ, చట్టానికి అది అక్కర్లేదట.

ఇంతకుముందు నేను రాసిన వీలునామాలన్నీ ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. అవన్నీ కోపంలో రాసినవి. ఇదీ కోపంలోనే రాస్తున్నాను, కాకపోతే ఈసారి నిదానంగా కోప్పడుతున్నాను.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత రిటైర్డ్ పోస్ట్‌మాన్ డెస్మండ్ ఫాక్స్ గారికి అప్పగిస్తున్నాను. ఆయన డబ్లిన్ నుంచి వచ్చి మా ఊళ్లో స్థిరపడి నలభై ఏళ్లు దాటింది కాబట్టి మావాళ్లు ఆయన్ని ఇంకా ‘ఆ కొత్తాయన’ అనే పిలుస్తారు. ఇంటిపేరుకు అర్థం నక్క కావడం ఆయన చేసుకున్న నేరం. మా రేవులో పడవెక్కబోయేవాడి చెవిన నక్క అన్న మాట పడితే ఆ రోజుకి ప్రయాణం మానుకోవలసిందే. అందుచేత ఫాక్స్ గారు సంచీ తగిలించుకుని వస్తుంటే మగవాళ్లంతా మొహం తిప్పుకునేవారు. పెన్షన్ వచ్చే రోజున మాత్రం రెండు చేతులూ చాచి ఎదురెళ్లేవారు.

2. మా అమ్మ నోరా దువ్వెన, కొమ్ముతో చేసినది, రెండు పళ్లు విరిగినది, నా అన్న మనవరాలు ముర్యన్‌కు చెందాలి. దువ్వెనతో పాటు దాని కథ కూడా ఆమెకే చెందుతుంది కనుక ఇక్కడ రాస్తున్నాను.

మా అమ్మ జుట్టు ఎర్రన. మా తీరంలో ఎర్రజుట్టు ఆడది ఎదురొస్తే వలలు ఖాళీగా వస్తాయి, తాళ్లు తెగుతాయి, గాలి తిరగబడుతుంది. బాగా తాగి చుక్కాని వదిలేసి నిద్రపోతే మాత్రం ఏమీ కాదు. మా అమ్మ పొద్దున్నే నీళ్లకు వెళ్లాలంటే పడవలన్నీ రేవు దాటేదాకా గోడ వెనక బిందె పెట్టుకుని నిలబడేది. ఒక రోజు నేను జ్వరంతో ఉన్నానని తొందరపడి ముందే బయల్దేరింది. ముసలి కెప్టెన్ ఒకడు ఆమెను చూసి, నిండుగా సరుకెక్కించిన పడవను కట్టేసి, మా గుమ్మం దాకా వచ్చి అరిచాడు. “కోలమ్! నీ పెళ్లాన్ని లోపల కట్టేసుకోవయ్యా. మా పిల్లలు తిండి తినాలా వద్దా?”

 అప్పుడే మా నాన్న కొత్త పడవ కట్టిస్తున్నాడు. మా పడవలు మీకు తెలుసు: తారు పూసిన నల్లటి ఒళ్లు, గోధుమరంగు తెరచాప, ఆ తెరచాప తలను ఎత్తిపట్టడానికి స్తంభం నుంచి ఏటవాలుగా లేచే పైవాసం. ఆ పడవను నీళ్లలోకి దింపే రోజున ఊరంతా వచ్చింది. ముక్కు మీద తెల్లరంగుతో రాసిన పేరు చదివి ఊరంతా నోరు తెరిచింది. ‘వాన్ రువా’. అంటే ఎర్రజుట్టు ఆడది.

“ఇదేం పేరు కోలమ్? మునగడానికి ముహూర్తం పెట్టుకున్నావా?” అన్నాడు ఆ ముసలి కెప్టెనే.

“ఎదురొస్తే కదా మీ బాధ,” అన్నాడు మా నాన్న. “ఇకనుంచి ఎదురు రాదులే. పక్కనే కూర్చుని వస్తుంది.”

ఆ పడవలో పనికి ఒక్క మగాడూ రాలేదు. దాంతో మా అమ్మే తాళ్లు లాగింది. చిత్తడి నేల కోసి ఎండబెట్టి పొయ్యిలో కాల్చుకునే పీట్ గడ్డలు నింపుకుని ఇద్దరూ అరాన్ దీవులకు వెళ్లేవారు. ఆ దీవుల్లో చెట్టూ లేదు, పీటూ లేదు, రాయి తప్ప ఏమీ లేదు. అక్కడివాళ్లు గడ్డ పొడిగా ఉందా లేదా అని నొక్కి చూసేవారు గానీ తెచ్చినావిడ జుట్టు వంక చూసేవారు కాదు. చలికి వణికే మనుషులకు శకునాలు చూసే తీరిక ఎక్కడిది? నేను పదేళ్లప్పటి నుంచి ఆ గడ్డల మీద కూర్చుని ప్రయాణం చేశాను. నా జుట్టు మా అమ్మదే.

3. మా నాన్న తన వీలునామాలో వంటింటి అలమరలోని నీలం గీతల మగ్గులు నాకు రాశాడు. అవి నా అన్న ఫెస్టీకి చెందాలి.

దీనికి కారణం అడిగేవాళ్ల కోసం. మా నాన్న పడవను ఫెస్టీకి రాశాడు. ఫెస్టీ మగవాడు. ఫెస్టీ జుట్టు నలుపు. ఫెస్టీ చిన్నప్పటి నుంచి ఎర్రజుట్టుదాని కొడుకు అనిపించుకోవడం ఇష్టంలేక వేరేవాళ్ల పడవల్లోనే పని చేశాడు తప్ప మా పడవలో కాలు పెట్టలేదు. ఇన్ని అర్హతలుంటే పడవ ఇంకెవరికి రాస్తారు? నాకు మగ్గులొచ్చాయి. మా నాన్న మీద నాకు ఎంతో ప్రేమ. ఆయన రాసిన కాగితం మీద మాత్రం లేదు. అప్పుడు నాకు జరిగిన న్యాయమే ఇప్పుడు అన్నకు జరుగుతోంది. అతని వాటాకు మగ్గులు. వాటిలో ఒకదానికి చెవి లేదు. జాగ్రత్తగా పట్టుకోమని చెప్పండి.

నాన్న పోయిన కొన్నేళ్లకు దీవుల్లోకి గ్యాస్ సిలిండర్లు వచ్చాయి. పీట్ రవాణా ఆగిపోయింది. పడవలు వరసగా బురదలో ఒరిగిపోయాయి. ఆ గ్యాస్ సిలిండర్లను లారీలో ఓడరేవుకు చేర్చే ఉద్యోగం ఎవరికొచ్చిందనుకున్నారు? పీట్ పడవకు వారసుడైన మా ఫెస్టీకే. ఆ లారీని వారం వారం కడిగి తుడిచేవాడు. పడవ వంక చూసేవాడు కాదు.

4. నా ఇల్లు, దాని వెనక ఉన్న కూరగాయల దొడ్డి, కోళ్లు సహా, ఫెస్టీ భార్య పెగీ వదినకు ఆమె బతికినంతకాలం సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. ఫెస్టీ మీద విసుగొచ్చినప్పుడల్లా వచ్చి కూర్చోవడానికి ఆమెకు సొంత ఇల్లంటూ ఒకటి ఉండాలి. ఇప్పటిదాకా నా ఇంటికే వస్తుండేది, అలవాటు మారనక్కర్లేదు. ఆమె తదనంతరం ఇల్లు ముర్యన్‌కు చెందుతుంది. కోడిపుంజు మాత్రం ఎవరు పట్టుకోగలిగితే వారిది.

పెగీ వదినకే ఎందుకంటే, ఆమె లేకపోతే పడవ లేదు. ఒక మార్చిలో ఫెస్టీ పశువుల కొట్టానికి గోడ కావాలని రంపం పట్టుకుని బురదలోకి దిగాడు. పడవ చెక్కలు దానికి సరిగ్గా సరిపోతాయట. నేను ఫ్యాక్టరీ నుంచి ఏప్రాన్‌తోనే పరిగెత్తి పడవెక్కి మధ్యలో కూర్చున్నాను.

“దిగవే బైబీన్.”

“దిగను.”

“దిగకపోతే నీతో సహా కోసేస్తా.”

“కొయ్యి. కొట్టానికి గుమ్మంగా పనికొస్తాను.”

“ఎర్రజుట్టుది ఎక్కిన పడవ మునిగిపోతుందే పిచ్చిదానా!”

“మునగాలంటే ముందు తేలాలి కదరా అన్నాయ్. ఇది బురదలో ఉంది.”

అలా మధ్యాహ్నం దాకా సాగింది. పెగీ వదిన టీ తెచ్చింది. ఒకటి నాకిచ్చింది, ఒకటి ఫెస్టీకిచ్చింది. టీ తాగడానికి ఫెస్టీ రంపం కింద పెట్టాడు. వదిన ఆ రంపం తీసుకుని పొలాల మీదుగా వాళ్ల పుట్టింటికి నడిచి వెళ్లిపోయింది. రంపం అక్కడ ఇచ్చి మళ్లీ వచ్చి వంట చేసింది. ఆ రాత్రి వాళ్లింట్లో క్యాబేజీ, ఉడకబెట్టిన పందిమాంసం తప్ప మాటలు వడ్డించలేదట. మర్నాడు ఫెస్టీ నా గుమ్మం ముందు నిలబడి, “తీసుకుపో ఆ కట్టెల మోపుని. అది రేవు దాటితే నా పేరు మార్చుకుంటా,” అన్నాడు. పడవ నాదేనని ఊళ్లో నలుగురి ముందు సంతకం కూడా పెట్టాడు. పడవ రేవు దాటింది. ఆయన పేరు ఇంకా ఫెస్టీయే. నేను ఒత్తిడి చేయలేదు.

5. పడవను బాగుచేసిన వడ్రంగి క్వీవీన్ కాలం చేశాడు గనుక ఆయనకు ఇవ్వడానికేమీ లేదు. కృతజ్ఞత మాత్రం రాసి పెడుతున్నాను. మూడు చలికాలాలు ఆయన కుళ్లిన చెక్కలు తీసి కొత్త ఓక్ చెక్కలు బిగించాడు. నేను ఎదురుగా వస్తే బాడిస కింద పెట్టి శిలువ గుర్తు వేసుకునేవాడు. “నువ్వు వెనకనుంచి రామ్మా, వెనకనుంచొస్తే ఏం కాదు,” అని మర్యాదగా చెప్పేవాడు. మూడు చలికాలాలు నేను మా సొంత పడవ దగ్గరికి దొంగలా వెనకనుంచి వెళ్లి తారు పూశాను. కానీ ఆయన పెట్టిన చెక్క ఒక్కటి కూడా ఇవాళ్టి దాకా కదల్లేదు. అలాంటి మూఢుడు ప్రతి ఊరికీ ఒకడుండాలి.

6. కరిగ్ దూవ్ పాత పడవల పునరుద్ధరణ సంఘానికి, మరీ ముఖ్యంగా దాని శాశ్వత అధ్యక్షులు, పళ్ల డాక్టరు లోర్కన్ గారికి, నా గుమ్మం ముందున్న పూలకుండీలు అన్నీ, మట్టితో, మొక్కలతో, నత్తలతో సహా.

సంఘం వారు మూడేళ్లుగా నాకు ఒక విన్నపం చేస్తున్నారు. ఊరి మొదట్లో రోడ్లు కలిసే చోట గుండ్రటి దిబ్బ ఉంది కదా, దాని మీద వాన్ రువాను శాశ్వతంగా నిలబెట్టి, లోపల మట్టి నింపి, పూలమొక్కలు నాటి, వారసత్వాన్ని కాపాడతారట. కార్లలో వచ్చేవాళ్లు చుట్టూ ఒక తిరుగుడు తిరిగి ఫొటో తీసుకుంటారట. వారి కోరికలో పూలకుండీ వరకు నేను తీర్చగలను. పడవ వరకు తీర్చలేను.

వీళ్ల గురించి నిజం కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. పడవలను కోసి కొట్టాలు కట్టుకున్నది మా ముసలివాళ్లు. కోయకుండా ఆపాలని పట్నం నుంచి వచ్చి ఊరూరా తిరిగింది ఈ డాక్టరు గారు. ఆయన రాకపోతే ఇవాళ మా రేవులో ఒక్క పైవాసం కూడా లేచి ఉండేది కాదు. ఇప్పుడు కొత్త పడవలు కూడా కడుతున్నారు. వాటి తెరచాపలు ఫ్యాక్టరీలోనే గోధుమరంగు వేసుకుని వస్తున్నాయి. మేం బెరడు ఉడకబెట్టి రంగు వేసేవాళ్లం, చేతులు వేసవంతా అదే రంగులో ఉండేవి, ముద్దాడడానికి ఎవడూ ముందుకొచ్చేవాడు కాదు. వారాంతాల్లో వచ్చే నావికులు మెరిసే జాకెట్లు వేసుకుంటారు, పడవ బొమ్మ ఉన్న తువ్వాళ్లతో కప్పులు తుడుస్తారు. నవ్వొస్తుంది. అయినా తెరచాప నిండినప్పుడు వాళ్ల మొహాలు కూడా మా నాన్న మొహంలాగే అయిపోతాయి. అది చూశాక నవ్వు ఆపేస్తాను. కొంచెంసేపు.

7. ఫాదర్ తొమాస్ అనబడిన, ఇప్పుడు కార్క్ నగరంలో ఇద్దరు పిల్లల తండ్రిగా ఉంటున్న తొమాస్ గారికి, నా దగ్గర మిగిలిపోయిన ఆయన వానకోటు. అది నా దగ్గరికి ఎలా వచ్చిందో చెప్పాలంటే పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిది ఆగస్టు పందెం గురించి రాయాలి.

సంఘం వారు మొదటి పందెం పెట్టారు. బతికి ఉన్న పడవలే కొన్ని, అందులో నాది ఒకటి. లోర్కన్ గారు నా దగ్గరికి టోపీ తీసి మరీ వచ్చారు. “బైబీన్ గారూ, మీ పడవ రావాలి. దానికి మంచి కెప్టెన్‌ని చూశాం. మీరు రేవు మీద శాండ్‌విచ్‌ల సంగతి చూసుకుంటే మాకు కొండంత సాయం.”

“నేను లేకుండా పడవ రాదు డాక్టరు గారూ,” అన్నాను.

“నాకు అభ్యంతరం లేదమ్మా, నేను చదువుకున్నవాణ్ని. కానీ మీతో పడవెక్కడానికి మనుషులు దొరకరు.”

దొరికారు. పెగీ వదిన చేతులు తుడుచుకుని వచ్చింది. ఫాక్స్ గారు సైకిలు గోడకానించి వచ్చారు. అప్పట్లో మా చర్చికి కొత్తగా వచ్చిన ఫాదర్ తొమాస్ వచ్చాడు. చర్చి ఫాదరు పడవెక్కడం మా దగ్గర నక్క కంటే చెడ్డ శకునం. అతనికి ఆ సంగతి చెప్పాను. “నేను ఎక్కడికెళ్లినా జనం చావు గురించే ఆలోచిస్తారు, అలవాటైపోయింది,” అని నా వానకోటు... కాదు, అప్పటికది అతనిదే, తొడుక్కుని ఎక్కేశాడు. ఎర్రజుట్టుది, నక్క, ఫాదరు, మొగుడి మాట వినని ఆడది. ఊరి అపశకునాలన్నీ ఒకే పడవలో. రేవు మీద ముసలాళ్లు ఎవరిని చూసి ముందు శిలువ వేసుకోవాలో తెలియక చేతులు గాల్లో ఆపేశారు.

దానివల్ల మాకు గొప్ప మేలు జరిగింది. పందెం మొదలయ్యే చోట పడవలన్నీ ఒకదానికొకటి ఒరుసుకుంటూ గాలి కోసం కొట్టుకుంటుంటే, మా దగ్గరికి ఒక్కడూ రాలేదు. చుట్టూ ఖాళీ నీళ్లు. గాలంతా మాదే. పెగీ వదిన తాడు వదిలింది, వాన్ రువా గీత దాటి బయటికి దూకింది. మొదటి మలుపు దాకా మేమే ముందు. ఫాదర్ తొమాస్ వేరే సందర్భాల్లో వాడవలసిన దేవుడి పేరును ఆనందంతో గట్టిగా అరిచాడు.

మా వెనకే లోర్కన్ గారి పడవ. ఆయన చుక్కాని దగ్గర, తాళ్ల దగ్గర ఆయనకు తోడుగా మా అన్న ఫెస్టీ. మేకరాళ్లని పిలిచే నీటిలోని బండల పక్కన తిరుగుతుండగా గాలి ఒక్కసారి విసిరికొట్టింది. వాళ్ల పైవాసాన్ని ఎత్తిపట్టే తాడు పట్‌మని తెగింది. పైవాసం, తెరచాప అన్నీ కలిసి పడవ మీదే కూలాయి. పడవ అడ్డం తిరిగి రాళ్ల వైపు కొట్టుకుపోవడం మొదలెట్టింది. అక్కడ రాళ్లు నీళ్లపైకి కనబడవు, నురుగే కనబడుతుంది. మిగతా పడవలు చాలా వెనక ఉన్నాయి.

నేను వాన్ రువాను తిప్పాను. తిప్పమని నన్ను ఎవరూ అడగలేదు, ఎవరినీ నేనూ అడగలేదు. దగ్గరికెళ్లాక ఫాక్స్ గారు తాడు విసిరారు. గోడల మీంచి ఉత్తరాలు విసిరి అలవాటున్న చేయి. తాడు సరిగ్గా ఫెస్టీ కాళ్ల దగ్గర పడింది. ఫెస్టీ దాని వంక పామును చూసినట్టు చూశాడు. తీసుకోలేదు. తాడు జారి నీళ్లలో పడింది.

“పట్టుకోవయ్యా!” అని లోర్కన్ గారు గొంతు చించుకున్నారు.

“ఇంకో పడవ వస్తుంది డాక్టరు గారూ,” అన్నాడు మా అన్న. నా వంక చూడకుండా అన్నాడు.

“ఎక్కడుందయ్యా ఇంకో పడవ?”

ఫాక్స్ గారు తాడు లాక్కుని రెండోసారి విసరబోతుంటే పెగీ వదిన ముందుకొచ్చి నిలబడింది. “ఫెస్టీ! తాడు పట్టుకుంటావా, నన్ను విధవను చేస్తావా? నల్లబట్టలు నాకు నప్పవని నీకు తెలుసు!”

ఈసారి పట్టుకున్నాడు. పట్టుకుని కట్టాడు. వాళ్ల పడవ బరువు, మా పడవ బరువు కలిపి వాన్ రువా మూలుగుతూ లాగింది. నురుగు దగ్గర ఒక క్షణం రెండు పడవలూ కదలకుండా నిలిచిపోయాయి. నాకు తెలిసి నా జీవితంలో నేను నిజంగా ప్రార్థించింది ఆ క్షణమే, అదీ ఫాదరు పక్కనే ఉండగా. తర్వాత కదిలాయి. మేం ఆఖరున వచ్చాం. కప్పు ఎవరికో వెళ్లింది. రేవు చేరాక ఫాదర్ తొమాస్ తడిసిన కోటు నా వంటింట్లో విడిచి వెళ్లాడు. అలా ఆ కోటు నా దగ్గరుండిపోయింది.

8. ఊరి పబ్బులో కిటికీ పక్కన ఉన్న బల్లకు, అంటే ఆ బల్లకు కాక దాని చుట్టూ కూర్చునే పెద్దమనుషులకు, ఏమీ లేదు. ఇది పొరపాటున మరచిపోయినది కాదు, కావాలని రాసినది.

ఆ సాయంత్రం బట్టలు మార్చుకుని నేను ఆ పబ్బు గుమ్మం దాకా వెళ్లాను. లోపల ఒకడు బల్ల గుద్ది చెబుతున్నాడు. “తాడు ఎందుకు తెగిందో తెలీదా? ఎర్రజుట్టుది సముద్రం మీద ఉంటే తెగక ఏం చేస్తుంది?” అందరూ తలలూపారు. డాక్టరు గారు ఒక్కరే, “అలా కాదండీ, తాడు పాతది,” అని గొణిగారు. ఫెస్టీ అక్కడే ఉన్నాడు. ముందు గ్లాసు ఉంది. ఆ చేతులతోనే మధ్యాహ్నం నా తాడు పట్టుకున్నాడు. గ్లాసు వంక చూస్తూ కూర్చున్నాడు. ఒక్క మాట అనలేదు.

ఆ మాట అన్నది ఎవరో నాకు గుర్తులేదు. ఊరుకున్నది ఎవరో గుర్తుంది.

ఆనాటి నుంచి నేనూ నా అన్నా రెండిళ్ల దూరంలో బతికాం. వాన గురించి, ఆవుల గురించి, ఎవరు పోయారన్న దాని గురించి మాట్లాడుకున్నాం. ఆ రోజు గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. వాన్ రువా ప్రతి ఆగస్టు పందేనికి వెళ్లింది, ఆయన ప్రతి ఆగస్టులో లారీ కడుక్కున్నాడు.

9. వాన్ రువా పడవను, తెరచాపలు, తాళ్లు, అడుగున బరువుకు వేసిన రాళ్లు, తారు డబ్బాలు సహా, నా అన్న మనవరాలు ముర్యన్‌కు దఖలు పరుస్తున్నాను. ఆమె గాల్వేలో లిఫ్టులు బాగుచేస్తుంది. బరువులు, తాళ్లు, చక్రాలు, మధ్యలో ఇరుక్కుపోయి కేకలు పెట్టే జనం. పడవకు కావలసిన చదువు అదే. ఆమె జుట్టు ఫెస్టీలాగే నలుపు. ఆగస్టు వస్తే ఎరుపు రంగు వేసుకుంటుంది. చౌకరంగు, ఉప్పునీళ్లు తగలగానే మెడ మీదికి కారుతుంది. “నీ పేరు నిలబెట్టాలి కదా బామ్మా,” అంటుంది. నా పేరు కాదే అది, మా అమ్మది అంటే వినదు.

షరతులు: పడవకు ఇంజిను పెట్టకూడదు. పేరు మార్చకూడదు. ప్రతి వసంతంలో తారు వేయాలి, ఎవరిచేతనో కాదు, తనే వేయాలి. పడవెక్కుతానని అడిగిన ఎర్రజుట్టు ఆడదాన్ని ఎవరినీ కాదనకూడదు, ఆమె అమెరికన్ టూరిస్టు అయినా సరే. ఇక నడవదనుకున్న రోజు వస్తే నీళ్లలోనే కుళ్లనివ్వాలి. పూలు నాటకూడదు.

10. నా అన్న ఫెస్టీ విషయమై ఇంకొకటి రాయవలసి వచ్చింది. మగ్గులతో సరిపెడదామనే అనుకున్నాను. కానీ గత డిసెంబరులో నేను తుంటి విరిగి ఆసుపత్రిలో ఉన్నప్పుడు పెద్ద తుఫాను వస్తోందన్నారు. నేను మంచం మీద నుంచి ఫోన్లు చేయించాను. సంఘం వారి మనుషులు రోడ్డు మూసేసి ఉంటే రాలేకపోయారు. పడవ పోయిందనుకుని గోడవైపు తిరిగి పడుకున్నాను. తుఫాను వెళ్లాక చూస్తే రేవులో రెండు కొత్త పడవలు గోడకు కొట్టుకుని పగిలాయి. వాన్ రువా మాత్రం ఉన్నచోటే ఉంది, ముందూ వెనకా రెండేసి తాళ్లతో.

ముర్యన్ ఆసుపత్రికొచ్చి చెప్పింది. “తాతయ్య నడుందాకా నీళ్లలో దిగాడు బామ్మా. నానమ్మ తిడుతుంటే వినలేదు. తాళ్లు కట్టి పైకొచ్చి, ఈ సంగతి దానికి చెబితే కాళ్లు విరగ్గొడతానన్నాడు.”

“మరి చెప్పావేం?”

“ఎనభై నాలుగేళ్లవాడు నా వెంట పరిగెత్తలేడు కదా.”

ఇంటికొచ్చాక ఫెస్టీని అడిగాను, తుఫాను ఎలా ఉందని. “గాలి కొంచెం ఎక్కువే,” అన్నాడు. వానగురించే మాట్లాడుకున్నాం మళ్లీ. కానీ ఆ రోజు ఆయన బూట్లు నా గుమ్మంలో విప్పి లోపలికొచ్చి టీ తాగాడు. నలభై ఏళ్లలో అది మొదటిసారి. బూట్ల మీద సముద్రపు ఉప్పు చారలు ఇంకా ఉన్నాయి.

అందుచేత కిందిది.

11. అంత్యక్రియలు. నా పెట్టెను వాన్ రువా మీద, పూర్వం పీట్ గడ్డలు పేర్చిన చోట ఉంచి, మా అమ్మా నాన్నా ఉన్న ఇనిష్ కోర్ దీవి శ్మశానానికి తీసుకెళ్లాలి. తాళ్ల దగ్గర ముర్యన్, ఫాక్స్ గారు, ఒంట్లో బాగుంటే పెగీ వదిన. చుక్కాని ఫెస్టీ పట్టాలి.

అన్నయ్యా, నా జుట్టు పూర్తిగా తెల్లబడిపోయింది, నువ్వూ చూస్తూనే ఉన్నావు. ఇక శాస్త్రం నీకు అడ్డం రాదు. పైగా నేను ఎదురు రాను. పడుకుని వస్తాను. మన పడవ కుడివైపు తిరిగేటప్పుడు కొంచెం మొండికేస్తుంది, చేత్తో కాక నడుంతో నెట్టాలి. నువ్వు ఎప్పుడూ ఎక్కలేదు కాబట్టి చెబుతున్నాను. నాన్న నీకు రాసినప్పుడు ఇది చెప్పలేదనుకుంటా.

అతను రానంటే ఎవరూ బలవంతం చేయవద్దు. కానీ ఆ మాట అందరూ వినేలా నోటితో చెప్పాలి. ఊరుకోవడం కుదరదు.

ఇంజిను పడవ కట్టి లాగించవద్దు. అందుకు సంఘం వారు తప్పకుండా ముందుకొస్తారు, మర్యాదగా వద్దనండి. ఆ రోజు గాలి లేకపోతే గాలి వచ్చేదాకా రేవులో ఆగండి. రెండో రోజుకీ రాకపోతే రెండో రోజూ ఆగండి. బస్సు తప్పిపోతుందన్న బంధువుల్ని పంపించేయండి. మిగిలినవాళ్లు కూర్చుని నా గురించి చెడ్డగా మాట్లాడుకోండి, కాలక్షేపమవుతుంది. నాకు తొందరేం లేదు. జీవితంలో మొదటిసారి.

ఈ వీలునామాను నేను ఆసాంతం చదువుకుని, తప్పులు దిద్దుకుని, దిద్దనవసరం లేనివాటిని అలాగే వదిలేసి, దిగువ సాక్షుల ఎదుట సంతకం చేశాను. సాక్షులకు ఇందులో ఏమీ రాదని చట్టం. ఆ సంగతి సంతకం అయ్యాకే వారికి చెప్పాను.

రెండు వేల పంతొమ్మిది, మార్చి ఇరవై ఒకటి, కరిగ్ దూవ్.

(సంతకం)
బైబీన్ నీ లోయ్‌జాన్ (ఇంటిపేరులో మగవాళ్లకు ‘ఓ’ వస్తే మా ఆడవాళ్లకు ‘నీ’ వస్తుంది)

సాక్షులు:
మాయ్‌రీన్ వాలిస్, నర్సు
స్టీఫన్ ఓ గ్రీయలిష్, పబ్బు యజమాని (కిటికీ పక్క బల్ల ఈయనదే, మనుషులు ఈయనవాళ్లు కారు)